అమ్మ మెడ దగ్గర కొత్త దారి

క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేసిన ఏడాదికి మా అమ్మకు ఆ వైపు చెయ్యి వాచింది. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు, ఆ తర్వాత మోచెయ్యి దాటి పైకి. నొప్పి లేదు, బరువే. జాకెట్టు చెయ్యి పట్టకపోతే కుట్టు విప్పి వేరే గుడ్డ అతికించాను. గాజుల దగ్గర మాత్రం పెద్ద యుద్ధమే జరిగింది. "మీ నాయిన నిమ్మలంగ ఉండంగ ఉత్త చేతులేంది?" అని అమ్మ మొండికేసింది. సబ్బు రాసినా ఊడకపోయేసరికి నేనే పట్టుకారుతో నొక్కి చిట్లించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పౌరుషంలో నేను అచ్చం అమ్మ కూతురినే.

ఊళ్లోకి అప్పుడప్పుడే సెల్‌ఫోన్ సిగ్నల్ వస్తున్న రోజులవి. నేను ఖమ్మంలో బైపీసీ చదివి, మెడిసిన్ సీటు రాక, భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊరికి తిరిగొచ్చి ఇంట్లో కూర్చున్నాను. సీటు రాలేదు గానీ డాక్టరమ్మ దర్పం మాత్రం బాగా ఒంటబట్టింది. ఎవరికి జ్వరమొచ్చినా నాలుక చాపమనేదాన్ని. అమ్మ మందుల చీటీలన్నీ నా పెట్టెలోనే ఉండేవి.

చెయ్యి చూపించడానికి ఖమ్మం తీసుకెళితే, దవాఖానాలో వ్యాయామాలు నేర్పే మేడమ్ ఓపికగా వివరించింది. ఒంట్లో రక్తనాళాలే కాక, కండల మధ్య చేరిన నీటిని వెనక్కి మోసే సన్నటి లింఫ్ నాళాలు వేరే ఉంటాయట. ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులతో పాటు అవీ తెగిపోయాయట. అందుకే చేతిలో నీరు నిలిచిపోతోంది. శరీరం మెల్లగా పక్క నుంచి కొత్త నాళాలు వేసుకుంటుందని, రోజూ మెత్తగా నిమిరి దానికి సాయం చేయాలని చెప్పింది. ముందు మెడ దగ్గర ఎముక పైనున్న గుంట, తర్వాత భుజం, చిట్టచివర చెయ్యి. ఈ వరస నాకు వింతగా అనిపించింది. అమ్మకు మాత్రం వెంటనే అర్థమైంది.

"అవ్ మరి, కాల్వ కింద పూడిక తియ్యకుంట పైన నీళ్లిడిస్తె గట్టు తెగదా?" అంది. మేడమ్ నవ్వి, అచ్చంగా అంతే అంది.

ఆ రోజు నుంచి పొద్దు వాలేవేళకు వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేవాళ్లం. నేను గుంటలో మూడు వేళ్లు ఆనించి నిమిరేదాన్ని. "గట్టిగ పిసకవేందే, అన్నం తినలేదా?" అని అమ్మ గిల్లేది. "గట్టిగా పిసికితే నాళాలు చితుకుతాయమ్మా, నీకేం తెలుసు" అని కసిరేదాన్ని. కసిరినా ఆ గంట నాకు ఇష్టంగా ఉండేది. చెయ్యి చుట్టూ దారం చుట్టి కొలిచేదాన్ని. మూడు నెలలకు దారం వేలెడు తగ్గింది. సీటు రానందుకు లోపల రగిలే బాధ ఆ వేలెడు మేర చల్లారింది.

మిరపకోతలు మొదలైన వారం, ఆ గుంటలో నా వేలికి కందిగింజంత ఏదో తగిలింది. గట్టిగా ఉంది, కదలడం లేదు. మేడమ్ చెప్పిన చోటే కదా అనుకున్నాను. నా గుండె ఝల్లుమంది, సంతోషంతో.

"అమ్మా, కొత్త దారి పడుతున్నట్టుందే!"

అమ్మ తన వేలు పెట్టి చూసుకుంది. మొహం విప్పారింది. "అవ్ బిడ్డా, తగుల్తాంది. మీ నాయినకు ఇప్పుడే చెప్పకు. మంచి మాట నలుగురి నోట్ల పడితె దిష్టి తగుల్తది. చెయ్యి మొత్తం తగ్గినంక చెప్దాం."

చెప్పలేదు. కందిగింజ శనగగింజయింది. పక్కన ఇంకొకటి లేచింది. పెరుగుతున్నకొద్దీ నేను పొంగిపోయాను. ఖమ్మంలో డాక్టరుకు చూపించుకోవాల్సిన నెల వస్తే, "ఎలాగూ నయమవుతోందిగా, కోతలు అయ్యాక వెళదాం" అన్నది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

కోతలయ్యాక అమ్మా నేనూ వెళ్లాం. డాక్టరు మెడ మీద వేలు పెట్టి, పెట్టిన చోటే ఆపేశాడు. "ఇది ఎప్పటి నుంచి ఉంది?" అన్నాడు. గర్వంగా నోరు తెరిచిన నేను, ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"ఇంత అయ్యేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదా? మొదట్లోనే వచ్చుంటే..." అని ఆయన మాట మింగేశాడు.

నా వైపు చూడకుండానే అమ్మ అంది: "నేనే సారూ, చెప్పలే. పిల్లకు తెల్వదు. కోతలు ఆగుతయని దాచిన."

నాళాలు పెరగడం నిజమేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. తెగిన చోట మానడానికి పెరుగుతాయి. క్యాన్సర్ గడ్డ కూడా తన చుట్టూ వాటిని పెంచుకుంటుంది, ఆ దారినే గ్రంథుల్లోకి నడుస్తుంది. బైపీసీ పుస్తకంలో మొదటి సంగతే ఉంది. రెండోది నా వేళ్ల కిందే ఉన్నా నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక అమ్మ నాన్నకూ తానే దాచానని చెప్పింది. నాన్న జీవితంలో మొదటిసారి అమ్మ మీద అరిచాడు. "నీ పాణం కంటె మిరపకాయలెక్కువైనయానే?" అమ్మ తల వంచుకుని వింది. నేను పొయ్యి దగ్గర అన్నం వారుస్తూ ఉండిపోయాను. తర్వాత మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. మరుసటి ఏడు తొలకరికి అమ్మ పోయింది.

నాన్నకు ఆ కోపం ఇంకా పోలేదు. ఎవరితో అమ్మ ఊసు వచ్చినా, "దాచి సచ్చింది, మొండిది" అంటాడు, కళ్లు తుడుచుకుంటూ. మొన్న తద్దినం రోజు విస్తరి ముందు కూర్చుని నా వైపు తిరిగి అడిగాడు: "ఒక్క మాట మనకు చెప్తె ఏం పోయేది బిడ్డా? నువ్ దగ్గరుండి సూస్కునేటిదానివి కదా."

అవును నాన్నా అన్నాను.