వాడి మాటల వెనక ఓబులమ్మ గొంతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. ఇప్పటికీ వాటిని నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

నేను ఎడిటర్‌ని. ఈ మధ్య నేరాల మీద తీసిన ఒక డాక్యుమెంటరీ సిరీస్‌కి పనిచేశాను. నల్లమాడ వైపు ఒక పల్లెలో, ఊరి బయట కాలనీలో ఉండే ఓబులమ్మ అనే గొర్రెల కాపరి హత్య అందులో ఒక భాగం. నిందితుడు అదే ఊళ్లో పొలాలున్న మనిషి. బెయిలు మీద బయట తిరుగుతున్నాడు.

శవంతో మొదలుపెట్టమన్నాడు డైరెక్టర్. తర్వాత సగం సేపు నిందితుడి మాటలే. ఓబులమ్మ తల్లి నాగమ్మకు మిగిలింది ఒక ఏడుపు ముక్క.

షూటింగ్‌కి నేనూ వెళ్లాను. కెమెరా ఆపాక నాగమ్మ నాతో అంది: "నా బిడ్డ ఎట్ల సచ్చిందో అందరూ అడుగుతాండారు. ఎట్ల బతికిందో ఒక్కరన్నా అడిగినారామ్మా?"

నిందితుడి ఇంటర్వ్యూ అనంతపురంలో, తలుపులు మూసిన లాడ్జి గదిలో తీశారు. ఒకరోజు మధ్యాహ్నం ఎడిటింగ్‌లో వింటున్నాను. "ఆ మనిషి ఎవురో నాకు తెలీదు" అని ఓబులమ్మ గురించి అతను అంటుండగా, వెనక ఒక ఆడగొంతు. దూరం పోయిన గొర్రెల్ని మళ్లేసే కేక.

సౌండ్ రికార్డు చేసినతను అప్పుడు హెడ్‌ఫోన్లలో అలాంటిదేమీ వినలేదన్నాడు. కానీ ఆ కేక రెండు మైకుల్లోనూ ఉంది. ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

ఆ కేక మాత్రం కత్తిరించి, మళ్లీ ఊరికి వెళ్లి, ఎక్కడిదో చెప్పకుండా నాగమ్మకు వినిపించాను. వేరుశనక్కాయలు ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

"మా ఓబులిదే. పొట్టేలు మాట ఇనకుంటే ఇట్లే అరుస్తాండె. యాడ దొరికింది నీకు?"

చెప్పాను. ఆమె ఏడవలేదు. ఓబులమ్మ గొర్రెల్ని మేపిన గుట్ట వైపు చూసింది.

"తీసేయొద్దు. వాన్ని మాట్లాడనీ. అదీ మాట్లాడనీ."

డైరెక్టర్ అదొక చప్పుడు, తీసెయ్ అన్నాడు. తియ్యనన్నాను. మొదట్లో ఉన్న శవం దృశ్యాలు తీసేశాను. ఓబులమ్మ పొద్దున్నే జీవాల్ని ఎట్లా తోలుకుపోయేదో నేనడిగితే, నా ఫోన్ కెమెరా ముందు నాగమ్మ తన తీరున, తీరిగ్గా చెప్పిన మాటలతో మొదలుపెట్టాను.

"ఇంత నెమ్మదిగా పోతే జనం ఆగరు."

"పోయేవాళ్లను పోనీండి సార్. లేదంటే నా పేరు తీసేసి మీరే ఎడిట్ చేసుకోండి."

నెలరోజులు గొడవపడ్డాం. చివరికి నేను కూర్చినట్టే వచ్చింది, ఆ కేకతో సహా.

పక్క గదిలో టీవీ అయ్యుంటుందని కొందరన్నారు. లాడ్జికి వెళ్లి చూశాను. అటు గదే లేదు, గోడ. కిందంతా బట్టల దుకాణాలు. ఆ గొంతు ఆ గదిలోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. రేపు ఎవరైనా కారణం చెప్పినా సరే, ఆ కేక మాత్రం అతని మాట వెనక అక్కడే ఉంటుంది.