స్కార్ఫ్ దించిన ఫొటో

తార్నాకలో పరుశురాం ఇల్లెక్కడని అడిగితే పాన్ డబ్బా అతను కూడా చెప్తాడు. కాకపోతే ముందు "కెమెరా పరుశన్ననా?" అని ఎదురడుగుతాడు. ఏళ్ళ తరబడి ఓ తెలుగు పేపర్‌కు ఫొటోలు తీస్తున్న మనిషి మరి. చదువుకునే రోజుల్లో పక్కనే ఉన్న యూనివర్సిటీ హాస్టల్లో, దోస్తు గదిలో దొంగచాటుగా ఉండి, వాడి పళ్ళెంలోనే ఇంత తిని పట్టా పుచ్చుకున్నాడు. ఊళ్ళో ఎవుసం చేసుకునే తండ్రి వెంకటనర్సయ్య కొడుకు పంతులు కావాలని ఆశపడ్డాడు. కొడుకేమో మెడలో కెమెరా వేసుకుని లాఠీల మధ్య తిరిగే కొలువు వెతుక్కున్నాడు. టియర్ గ్యాస్‌కు కళ్ళు వాచాయి, ఓసారి భుజం ఎముక విరిగింది. అయినా మళ్ళీ అదే క్యాంపస్, అదే గేటు. చలికాలం వస్తే భార్య శైలజ ఆ భుజానికి నూనె రాస్తూ తిడుతుంది. తిట్టదా మరి?

క్యాంపస్ పిల్లలకు మాత్రం ఆయనంటే ప్రాణం. ధర్నాల్లో ఆడపిల్లలు మొహానికి స్కార్ఫ్ కట్టుకుంటారు. ఇంట్లో చూస్తే చదువు మాన్పిస్తారని కొందరికి భయం, కేసు పెడతారని కొందరికి. పరుశురాం కెమెరా ఎత్తితే ఆ స్కార్ఫులు దిగిపోతాయి. "మన అన్ననే" అంటారు. ఎవరినీ ఇరికించే ఫొటో ఆయన పేపర్‌కు పంపడని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం చూసుకుని ఆయనకు లోలోపల మురిపెంగా కూడా ఉండేది.

ఆ మురిపెమే కొంప ముంచింది.

పరీక్షలు వాయిదా వేయాలని పిల్లలు గేటు దగ్గర కూర్చున్న రోజది. హరిచందనకు అసలు ఆ ధర్నాతో పనే లేదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన పిల్ల. ఆమె మీద కేసులేమీ లేవని పోలీసులు వెరిఫికేషన్ చేసి రాసుకుంటే చాలు, ట్రైనింగుకు పోవడమే. తన గదిలో ఉండే భూమిక పిలిచిందని వచ్చి, తనూ మొహానికి స్కార్ఫ్ కట్టుకుని వెనకాల నిలబడింది. అంతలో తోపులాట మొదలైంది. ఇనుప బారికేడ్ ఒకటి వంగి, అవతల కిందపడ్డ ఓ మహిళా కానిస్టేబుల్ మీదికి ఒరుగుతోంది. హరిచందన ఉరికొచ్చి రెండు చేతులా దాన్ని ఆపింది. తల ఎత్తి చూస్తే ఎదురుగా పరుశురాం. ఒక చేత్తో స్కార్ఫ్ కిందికి లాక్కుని, "అన్నా, ఎవరినన్న పిలువు, ఆమె మీద పడుతది" అంది.

ఆయన పిలిచాడు. కానీ పిలిచేకంటే ముందు బటన్ నొక్కాడు. ఏం చేస్తాం, ఆ వేలు అలా అలవాటుపడింది.

పిల్లలు నలుగురు వచ్చి బారికేడ్ ఎత్తారు. హరిచందన ఆ కానిస్టేబుల్‌ను చంకల కింద చేతులేసి బయటికి గుంజింది. అదీ తీశాడు. ఎవరిదో మోచెయ్యి తగిలి ఫొటో కదిలిపోయింది. కెమెరా కార్డుల్లో చోటు తక్కువున్న రోజుల నుంచి ఆయనకో పద్ధతి, కదిలిన ఫొటోను అక్కడికక్కడే తీసేస్తాడు. దాన్నీ అలాగే తీసేశాడు. మొదటిది మాత్రం అద్భుతంగా వచ్చింది. బిగిసిన పళ్ళు, బారికేడ్ మీద చెయ్యి, స్పష్టంగా మొహం. మంచిపని చేస్తున్న ఫొటో, ఎవరినీ ఇరికించదనుకుని పంపేశాడు. మర్నాడు మొదటి పేజీలో వేశారు. "బారికేడ్‌ను తోసేస్తున్న విద్యార్థిని" అని ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కింద రాసిపారేశారు.

వారం తిరక్కముందే హరిచందన ఆయన గుమ్మంలో నిలబడింది.

"అన్నా, నీ ఫొటో చూసే ఆ తోపులాట కేసుల నా పేరు రాసిన్రు. నేను తోసిన్ననా?"

"లేదు బిడ్డా. పట్టుకున్నవ్. నేను చూసిన."

"ఆమెను గుంజేటప్పుడు కూడ తీసినవ్ కదా. అది చూపెట్టే. వెరిఫికేషన్ లోపల చూపెడితె నా పేరు తీసేస్తరేమో."

శైలజ మంచినీళ్ళు తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసు చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"అది కదిలింది," అన్నాడు పరుశురాం. "తీసేసిన."

పిల్ల తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వని స్కార్ఫ్ దించిన అన్నా," అని మాత్రం అని మెట్లు దిగిపోయింది.

ఆ కార్డు పట్టుకుని సికింద్రాబాద్‌లో షాపులన్నీ తిరిగాడు. దాని మీద కొత్త ఫొటోలు ఎక్కాయి, పాతది రాదన్నారు. మెట్టుగూడలో ఆ మహిళా కానిస్టేబుల్ రాజశ్రీ ఇల్లు వెతుక్కుంటూ పోతే, "కింద పడ్డ సార్, కండ్లకు చీకట్లొచ్చినయ్. నన్నెవరు గుంజిన్రో తెల్వది" అంది. ఆమె అబద్ధమాడిందని కూడా అనలేం. బారికేడ్ ఎత్తిన పిల్లలు సాక్ష్యానికి వస్తే వాళ్ళనూ అదే కేసులో ఇరికిస్తారు. ఇక మిగిలింది ఆయన నోటి మాటే.

పేపర్ ఆఫీసులో బ్యూరో చీఫ్ కొండలరావు వినీ వినకముందే చెయ్యి ఊపేశాడు. "మనమేసిన ఫొటో తప్పని మనమే చెప్పుకుంటామా? ఊరుకోవయ్యా. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది."

"ఎవరికి సర్దుకుంటది సార్?"

కొండలరావు ఫోన్ అందుకున్నాడు. ఇంట్లో శైలజ ఊరుకోలేదు. "కండ్లారా చూసినవ్. కెమెరా చూస్తెనే చూసినట్టా? పోయి చెప్పు."

పోయి చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు, అంతా విన్నాడు.

"మీరు చెప్పేది సరే అన్నా. ఫొటో ఏది?"

"లేదు సార్."

"ఈ ఫొటో కింద ఉన్నది మీ పేరే. గిప్పుడు అట్ల కాదని మీరే అంటున్నరు. రేపు కోర్టు ఏది నమ్మాలె?"

ఆయన వాంగ్మూలం రాసుకున్నారు. దాన్నీ ఆ పేపర్ కటింగ్ పక్కనే పెట్టారు. హరిచందన పేరు మాత్రం తీయలేదు. వెరిఫికేషన్ రోజున కేసు పెండింగ్‌లో ఉందని రాశారు. ఆమె లేకుండానే ట్రైనింగ్ మొదలైంది. ఇప్పుడు విద్యానగర్‌లో చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్తోంది, పిలిచినప్పుడల్లా కోర్టుకు పోతోంది. ప్రతిసారీ పరుశురాం వెంట పోతాడు. వెంట పోయినంత మాత్రాన కొలువు వస్తుందా? రాదని ఆయనకూ తెలుసు.

మొన్న క్యాంపస్‌లో మళ్ళీ ర్యాలీ. ముందు వరుసలో ఓ బక్కపలచని పిల్ల, కొత్తగా చేరినట్టుంది. ఎవరు చెప్పారో ఏమో, ఆయన్ను చూడగానే "పరుశన్న!" అని పక్కపిల్లతో అని, నవ్వుతూ స్కార్ఫ్ దించింది. మొహం మీద ఎండ పడింది. ఏ ఫొటోగ్రాఫర్ అయినా ఎగిరి గంతేసే ఫొటో.

పరుశురాం కెమెరా కిందికి దించాడు.

"కట్టుకో తల్లీ. నేనైనా సరే, కట్టుకో."

పిల్ల మొహం చిన్నబోయింది. తాను చేసిన తప్పేమిటో అర్థం కాక కాసేపు ఆయన్నే చూసి, మళ్ళీ కట్టుకుంది. ర్యాలీ అంతా దాటిపోయేదాకా ఆయన పక్కన నిలబడ్డాడు. తర్వాత కెమెరా ఎత్తాడు. ఆ సాయంత్రం ఆఫీసుకు పంపిన ఫొటోల్లో అన్నీ వీపులే.