సాల్మన్ రాజు సారు క్రేన్ల హాజరు

నంద్యాలలో సాల్మన్ రాజు సారు దగ్గర లెక్కలు నేర్చుకోనివాళ్లు తక్కువ. నేర్చుకున్నవి గుర్తున్నవాళ్లు ఇంకా తక్కువ. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఆయన సాధించిన ఘనకార్యం లెక్కలు కాదు, హాజరు పట్టీ. "ప్రెజెంట్ సార్" అన్న గొంతు ఆ పేరుగలవాడిదేనా అని తలెత్తి చూసుకోకుండా ఆయన ఏనాడూ టిక్కు పెట్టలేదు. పట్టీలో ఒక్క కొట్టివేతా లేకుండా రిటైరయ్యారు. ఈ సంగతి ఊరంతా ఎరుగును, ఎందుకంటే ఆయనే చెప్పారు.

రిటైరయ్యాక పిలవడానికి పేర్లు లేక సారు కొన్నాళ్లు చిక్కిపోయారు. చూడలేక చర్చి పెద్దలు ఆదివారం తలలు లెక్కపెట్టే పని అప్పగించారు. రెండో వారమే ఆయన లేచి నిలబడి, "హాజరైనవారు నూట పన్నెండు, ప్రసంగం ముగిసేసరికి మేలుకొని ఉన్నవారు డెబ్బై ఒకటి" అని ప్రకటించారు. మూడో వారానికి ఆ పని వేరే పెద్దమనిషికి బదిలీ అయింది.

అలాంటి రోజుల్లోనే జగన్నాథం ఇనుప సామాన్ల అంగట్లో జయరాజు తగిలాడు. జయరాజుది ఆళ్లగడ్డ, సారు పాత శిష్యుడు, ఇప్పుడు సెంట్రింగు మేస్త్రి. భార్య దేవమ్మతో కలిపి పద్నాలుగు మంది జట్టు. ఎవరో ఏజెంటు మాట నమ్మి జట్టంతా హైదరాబాదు పోయి, పనిలేక పదకొండు రోజులు టార్పాలిన్ పట్ట కింద కూర్చుని తిరిగొచ్చారు.

"సైట్లో నాలుగు క్రేన్లుండాయంటే పోతిమి సార్," అన్నాడు జయరాజు. "ఉండాయి. అబద్ధం కాదు. ఉండేది తప్ప ఇంగేం చేయవు."

సారు కళ్లజోడు తీసి తుడిచారు. "పట్టీలో పేరుంటే బడికొచ్చినట్టేనారా?" అన్నారు. తర్వాతి నెల నుంచే హైదరాబాదు క్రేన్లకు హాజరు మొదలైంది.

పద్ధతి ఇది. ప్రతి నెలా మొదటి మంగళవారం సారు నగరం పడమటి వైపున్న కూతురు అనిత ఇంటికి చేరతారు. పద్దెనిమిది అంతస్తుల మీద డాబా. అక్కడ గొడుగు, దుర్బిణి, రూళ్ల నోటుబుక్కుతో కుర్చీ వేసుకుంటారు. కంటికి ఆనే టవర్ క్రేన్లు నలభై నాలుగు. ఒక్కో క్రేనుకు పది నిమిషాలు. కదిలితే హాజరు, కదలకపోతే గైర్హాజరు.

"నాయనా, నన్ను చూడను వచ్చినావా, వాటిని చూడను వచ్చినావా?" అని అనిత అడిగింది.

"నిన్ను కూడా," అన్నారు సారు. అబద్ధం ఆయన నోట రాదు.

నంద్యాలకు తిరిగి రాగానే జగన్నాథం అంగడి ముందు నల్లబోర్డు మీద రాసేవారు: క్రేన్లు 44, హాజరు 19. మరుసటి నెల 21. చుట్టుపక్కల మేస్త్రీలు వచ్చి ఆ బోర్డు చూసి, పోవాలా మానాలా అని తేల్చుకునేవాళ్లు. జగన్నాథం దాన్ని ఫోటో తీసి మేస్త్రీల గ్రూపులో పెట్టేవాడు. "మా అంగట్లో మేకులు కొనేవాళ్లకంటే సారు అంకె కోసం వచ్చేవాళ్లే ఎక్కువైనారు," అని సణుగుతూనే సారుకు సుద్దముక్కలు తెచ్చిపెట్టేవాడు.

జూలైలో జయరాజుకు చిక్కొచ్చి పడింది. వెలుగోడు దగ్గర కాలువ మీద కల్వర్టుల పనికి పిలుపొచ్చింది. చిన్న పని, మూడు నెలలు. సోమవారం మధ్యాహ్నంలోగా చేరాలి, లేకుంటే వేరే జట్టు వస్తుంది. హైదరాబాదు పోతే ఏడాదంతా పని, అక్కడ పని ఉంటే. "బోర్డు మీద అంకె చూసి బండి కట్టిస్తా సార్," అన్నాడు.

ఆ మంగళవారం సారు డాబా ఎక్కి చూస్తే నలభై నాలుగింట నలభై ఒకటి కదులుతున్నాయి. కదలడమే కాదు, దాదాపు అన్నీ ఒకే దిక్కుకు, తూర్పుకు, చేతులు చాచి, మెల్లగా ఇటూ అటూ ఊగుతూ నిలబడ్డాయి. సారు గొడుగు పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి గానీ మనసు మాత్రం పొంగిపోయింది. ముప్పై ఆరేళ్లు ప్రార్థన గంటకు ఏ తరగతినీ ఇంత తిన్నగా నిలబెట్టలేకపోయారాయన. "క్రమశిక్షణ!" అన్నారు పైకే. గొడుగు వెనక్కి విరిగింది.

బోర్డు మీద 41 పడింది. జయరాజు వెలుగోడుకు రామని చెప్పడానికి సిద్ధమై, సోమవారం పొద్దున తొమ్మిదికి హైదరాబాదు బండి మాట్లాడాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక వినయ్ ఫోన్ చేశాడు. ఇతనూ శిష్యుడే, హైదరాబాదులో టవర్ క్రేన్ ఆపరేటరు.

"సార్, గ్రూపులో మీ బోర్డు చూస్తి. ఆ నలభై ఒకటిలో నాదీ ఉందా?"

సారు నోటుబుక్కు తీసి ఆనవాళ్లడిగి, "పదిహేడో నంబరు. హాజరు," అన్నారు గర్వంగా.

"ఆ పొద్దు నేను కిందుంటి సార్, బట్టలుతుక్కుంటా. మా సైటు నిలిచి రెండు నెల్లాయ. పక్క నాలుగూ అంతే."

"కదిలిందే!"

"పని లేనప్పుడు బ్రేకు వదిలేసి దిగుతాం సార్. గాలి ఎట్ల తోస్తే అట్ల తిరగల్ల. బిగించి పెడితే గాలికి కూలిపోతాది. అన్నీ ఒక దిక్కే చూస్తాండాయా?"

సారు నోటుబుక్కు మూశారు. ఆషాఢం గాలికి తాను హాజరు వేసి వచ్చినట్టు అప్పటికి అర్థమైంది. పని చేసే క్రేను దాని పని ఎటుంటే అటు తిరుగుతుంది. ఒక దిక్కుకు వరుసగా నిలబడేది పని లేనివే.

భార్య ప్రేమకుమారి, "జయరాజుకు ఫోన్ చేసి చెప్పండి," అంది.

సారు చేశారు. "రేపు నేనొచ్చేదాకా బండి కదిలించొద్దు," అని మాత్రం చెప్పి పెట్టేశారు.

"మిగతాది కూడా చెప్పాల్సింది."

"పట్టీ దిద్దేది తరగతి ముందర దిద్దాలి," అన్నారు సారు. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

సోమవారం మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగారు. జయరాజు ఇంటి ముందు బండి మీద బియ్యం మూటలు, గిన్నెలు, గడ్డపారలు ఎక్కించి ఉన్నాయి. ఇళ్లకు తాళాలు పడ్డాయి. పద్నాలుగు మందీ సారు సాగనంపను వచ్చారనుకుని సంబరపడ్డారు. దేవమ్మ అప్పటికే కట్టిన బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పి చేతిలో పెట్టింది.

సారు తినకుండా నిలబడే చెప్పారు. "నేను రాసిన అంకె తప్పు. గాలికి తిరిగేవాటిని పని చేస్తాండాయని రాసినా."



"మరి సరైన అంకె ఎంత సార్?" అన్నాడు జయరాజు.

నంద్యాలలో ఎవరూ ఆ నోట విని ఎరగని మాట సారు అన్నారు. "నాకు తెలీదు."

జయరాజు తల గోక్కున్నాడు. "సార్, కొక్కేనికి బరువు తగిలించి ఉందా, ఉత్తదా, చూసినారా?"

"కొక్కెం చూడలేదప్పా. చెయ్యే చూసినా."

"అదే! చెయ్యెత్తినోళ్లందరికీ జవాబు తెలుసునా సార్? మీ తరగతిలో నేను రోజూ ఎత్తుతాంటి." జట్టంతా పగలబడి నవ్వింది. దేవమ్మ మొగుడి వీపు మీద ఒక్కటి వేసింది. "నవ్వు సాలు. పన్నెండు లోపల వెలుగోడులో ఉండల్ల. బండి అటు తిప్పమను. సారును నంద్యాలలో దించి పోదాం."

సారును గిన్నెల మధ్య కూర్చోబెట్టారు. దారిలో ఉగ్గాని తిన్నారు, మిరపకాయ బజ్జీతో సహా. నంద్యాల వచ్చింది. బండి ఆగింది. సారు దిగలేదు.

"ఇల్లు సార్," అన్నాడు జయరాజు.

"వెలుగోడులో పని ఉందని నీకెవరు చెప్పినారు?"

"ఫోన్లో చెప్పినారు."

"ఏజెంటు కూడా చెప్పె గదా. పోనీ బండి."

ప్రేమకుమారికి ఫోన్ చేసి మధ్యాహ్నం భోజనానికి రానన్నారు. యాడికని ఆమె అడిగింది. హాజరుకు, అన్నారు.

కాలువ దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. గట్టు మీద ఒక జేసీబీ, దాని పక్కన కాంక్రీటు కలిపే మిల్లరు, చెట్టు నీడన నలుగురు మనుషులు. ఏదీ కదలడం లేదు. జట్టులో గుసగుసలు మొదలయ్యాయి. దేవమ్మ బండి దిగకుండా సారు వైపే చూస్తోంది. అటువైపు మేస్త్రి లేచి, "ఇప్పుడే టీకి ఆపినాం, రండన్నా," అని కేక వేశాడు.

సారు దుర్బిణి తీయలేదు. గట్టెక్కి, తిన్నగా మిల్లరు దగ్గరికి పోయి, ఇంజను మీద అరచెయ్యి ఆనించారు. ఆనించినంత వేగంగా లాక్కున్నారు.

"ఏమాయ సార్?" అని జయరాజు పరుగెత్తాడు.

"కాలుతాంది," అన్నారు సారు చేతిని ఊదుకుంటూ, ముఖం నిండా సంతోషంతో. "దింపుకోండప్పా సామాన్లు."