ఎడమ గొట్టానికి కట్టిన పేలిక

రాయే అమ్మీ. నా పేరు మాత్రం పెట్టకు. యాబై ఏళ్ళ పైనుంచీ గుండెల మీద తిరగలి రాయి ఎత్తుకున్నట్టున్నాది. మీ తాతకి సెప్పలేదు. దేవుడికీ సెప్పలేదు. నీకెందుకు సెప్తన్నానో నాకే తెలీదు.

అరవయ్యో పడి సివర్న. మాది ఎచ్చెర్ల కాడ ఊరు. సెనక్కాయ సేలో పందులు పడి తవ్వీస్తన్నాయని మా బావ, మీ తాతకి అన్న, కమ్మరి అప్పన్న సేత రెండు గొట్టాల నాటు తుపాకీ సేయించినాడు. మూతిలోంచి మందు పోసి, గుళ్ళేసి, కడ్డీతో దట్టించాల. గొట్టం ఎనకాల, మందుకి నిప్పంటించే సిన్న రాగి టోపీని కొట్టీ ఇనప ముక్క ఉంటాది, గుర్రం అంటారు. నిండిన గొట్టం గుర్రానికి గుడ్డపేలిక కట్టాల. పేలిక లేదంటే కాళీ అన్నమాట. మా వైపు అదే పద్దతి.

తెచ్చిన రోజే బావ ఎడమ గొట్టం నింపీసినాడు. పేల్సడానికి టోపీలు లేవు, రేపు తెస్తానన్నాడు అప్పన్న. పేలిక్కోసం బావ ఏటి సించినాడో తెలుసా? దండెం మీదున్న మాయమ్మ కోక. సచ్చిపోయిన మాయమ్మది.

"పాత కోకేగదే మరదలా, దానికేడుపా?" అని నవ్వినాడు.

మర్నాడు పొద్దున్న, ఎవులూ సూడకుండా ఆ ముక్క ఇప్పీసి బొడ్లో దోపుకున్నాను. నాది నాను తీసుకున్నాను. అంతే. అంతేనా?

బావ సేనుకెళ్ళినప్పుడు అప్పన్న టోపీలట్టుకొచ్చినాడు. పేలిక లేదు గదా, రెండూ కాళీయే అనుకుని రెండూ దట్టించినాడు. నాను గడపకాడ సోళ్ళు సెరుగుతా సూస్తన్నాను. నిండినదాని మీద మళ్ళీ నింపితే ఏటవుతాదో నాకు తెలుసు. పగిలిపోవాల, బావ ముచ్చటపడ్డ తుపాకీ ముక్కలైపోవాల అనుకున్నాను. కొత్తదాన్ని సెట్టుకి కట్టీసి, దూరంగా నిలబడి తాడుతో లాగి పేలుస్తారు, మనిషికేటవుతాది? మీ తాత తాడు కూడా తెచ్చినాడు. అప్పన్న నవ్వీసినాడు.

"నా సేత్తో సేసినాను బాబూ. కట్టీడానికిదేటి, గొడ్డేటి?"

భుజానికెత్తినాడు.

అప్పుడు అరవొచ్చు. నోరున్నాది. ఎందుకరవలేదు? బయమా? కాదమ్మీ. సూద్దామనిపించినాది.

ఎడమ గొట్టం పగిలి, అప్పన్న ఎడం సెయ్యి మణికట్టు దాకా పోనాది.

బావ పరిగెత్తుకొచ్చి, రగతం కారతన్న మనిషిని కాలితో తన్నినాడు. "పేలిక కట్టినాన్రా, కళ్ళు పోనాయా?"

"పేలిక లేదు బాబూ. నా పిల్లల మీదొట్టు."

అత్త నాకేసి తిరిగినాది. "ఏటే కోడలా, నువ్విక్కడే ఉన్నావు గదా. ఉన్నాదా, లేదా?"

"ఉన్నాదత్తా. నాను సూసినాను. పేలినప్పుడు ఎగిరిపోయుంటాది."

ఆ ముక్క నా బొడ్లో సెమటకి తడుస్తన్నాది.

ఆ ఏడే అప్పన్న సిన్నకూతురు జొరమొచ్చి సచ్చిపోనాది. అబద్దపొట్టు తగిలినాదన్నాది ఊరంతా. ఆడి పెళ్ళామూ అదే నమ్మి, ఆడి మొగం మీద ఉమ్మీసి పుట్టింటికెలిపోనాది. నూతికాడ ఆడోళ్ళంతా సెప్పుకుంటంటే నానూ "పిల్లల మీదొట్టేస్తే మరేటవుతాది" అన్నాను. అన్నాను, బిందె ఎత్తుకుని ఇంటికొచ్చీసినాను, అన్నం తిన్నాను.

ఒంటి సేత్తో కొలిమి సాగలేదు. ఎటో ఎలిపోనాడు. ఉన్నాడో లేడో.

నన్నలగ సూడకు. రాయి. సివర్న ఆడి మాటే రాయి, ఆ రోజు ఎవులూ నమ్మనిది. పేలిక లేదు.

రాసినావా? సదువు.

కాసంత ఊపిరాడతన్నాది. ఇంకోసారి సదువు.