అక్టోబర్‌లో రండి

“జనం ఉండరని మీరే కదమ్మా రాశారు? కింద కాలు మోపడానికి సందు లేదు!”

“రాశాను. నీ ఒక్కడికే రాశానని చెప్పానా?”

“అంటే అందరికీ అక్టోబరే చెబుతారా?”

“అడిగినవాళ్ళందరికీ చెబుతాను. జనం లేని ఊరు చూడాలని జనమంతా కట్టగట్టుకుని వస్తే నన్నేం చెయ్యమంటావు నాయనా? నువ్వు వియన్నాలోనే ఉండిపోతే ఒకడన్నా తగ్గేవాడు.”

లూకో రెండు సూట్‌కేసులు మోసుకొచ్చి, ఆఖరి మెట్టు మీద రొప్పుతూ ఈ తగువు విన్నాడు. సూట్‌కేసులు ఆ వియన్నా పళ్ళ డాక్టరువి. తిడుతున్నది లూకో పెద్దమ్మ, యెలె.

దుబ్రోవ్నిక్ కోటగోడల లోపల, నిటారు మెట్ల సందులో, పై అంతస్తు ఇల్లు ఆమెది. ఒక గది అద్దెకిస్తుంది. సందులో మిగతా ఇళ్ళూ అద్దెకే, కాకపోతే వాటి యజమానులు ఊరి బయట అపార్ట్‌మెంట్లలో ఉంటూ తాళంచెవులు గుమ్మం పక్కన డబ్బాల్లో పడేసి పోతారు. ఇంట్లో ఉండి మరీ తిట్టే యజమాని యెలె ఒక్కతే. ఆ తిట్లకు వేరే రుసుము లేదు.

లూకో నౌకా కళాశాల మధ్యలో మానేసి, వచ్చేవాళ్ళ సామాన్లు మోసే పనిలో పడ్డాడు. ఓడెక్కి ప్రపంచం చూడాలన్న సరదా అతనికి తీరిపోయింది. ప్రపంచమే రోజూ ఓడెక్కి వచ్చి అతని సామాన్ల బండికి అడ్డం నిలబడుతుంటే ఇంకెక్కడికి పోతాడు? “తప్పుకోండి” అని వచ్చిన భాషలన్నిటిలో అరుస్తాడు. ఒక్కడూ కదలడు. అదే ఏ గైడు పిల్లో గొడుగు పైకెత్తితే చాలు, గుంపంతా గోడకి అతుక్కుని దారిస్తుంది.

యెలె మే నెలలోనే పిండి, బంగాళాదుంపలు, ఉప్పుచేపలు, వైను ఇంట్లో వేసుకుని తలుపు మూసుకుంటుంది. మంచు కురిసే ఊళ్ళలో చలికాలానికి చేసే ఏర్పాటు ఆమె ఎండాకాలానికి చేసుకుంటుంది. ఏదన్నా నిండుకుంటే కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది. లూకో నింపుతాడు, జనం ఫొటోలు తీస్తారు. ఒకసారి ఎవడో పుణ్యాత్ముడు అందులో చిల్లర వేశాడు. యెలె దాన్ని వాడి నెత్తి మీదికే విసిరింది. దానికీ చప్పట్లు కొట్టారు.

ఈ మధ్య మాత్రం చలికాలంలోనూ ఆమె దిగడం లేదు. తుంటి కీలు అరిగిపోయింది. మార్చక తప్పదన్నారు. ఓడలు ఆగిపోయాక, నవంబర్ చివర్లో వస్తానని ఆస్పత్రిలో పేరు రాయించుకుంది. ఇవాళ పళ్ళ డాక్టరుతో తగువు ఇంకా చల్లారకముందే ఆస్పత్రి నుంచి ఫోను మోగింది. నవంబర్‌లో ఖాళీ లేదట. వచ్చే గురువారం పదింటికి రావాలట, లేదంటే మళ్ళీ వేసవే. గురువారం రేవులోకి మూడు టూరిస్టు ఓడలు వస్తున్నాయి.

“అంబులెన్సు కోటగుమ్మం బయటే ఆగుతుంది పెద్దమ్మా,” అన్నాడు లూకో. “వాళ్ళు నిన్ను కుర్చీలో మోసుకుపోవాలి. చీకటితోనే దింపించేస్తాను. అప్పుడు పిట్ట కూడా ఉండదు.”

“పదింటిదాకా ఈ తుంటితో ఆ ఆస్పత్రి బల్ల మీద కూర్చోనా? అయినా, నా ఊళ్ళోంచి నేను దొంగలా జారుకోవాలేంట్రా?”

“పోనీ, మొహం మీద దుప్పటి కప్పుతా.”

“శవమనుకుని ఇంకా దగ్గరికొచ్చి తీస్తారు.”

“అయితే మానెయ్. ఫిబ్రవరిలో కిటికీలోంచే దండం పెట్టుకో.”

అనకూడని మాట అది. లూకో నోటికి అవే ముందొస్తాయి.

ఫిబ్రవరి మొదట్లో ఊరి పునీతుడు వ్లాహో పండగ. అప్పుడు ఓడలుండవు, హోటళ్ళు మూసేసుంటాయి, నున్నటి రాళ్ళ పెద్దవీధి మీద ఊరివాళ్ళ చెప్పుల చప్పుడే వినిపిస్తుంది. ఆ ఊరేగింపులో యెలె తల్లి నడిచింది, యెలె నడిచింది. పోయిన రెండు పండగలకూ గంటలు మోగుతుంటే ఆమె కిటికీ మూసేసుకుంది. ఈ గురువారం వెళితే రాబోయే పండగకు నడవొచ్చు. వెళ్ళకపోతే మళ్ళీ కిటికీయే.

యెలె తిట్టకుండా బుట్ట తాడు చుట్టడం మొదలుపెట్టింది. ఆమె తిట్టకపోతే లూకోకి భయమేస్తుంది.

ఇంతలో పళ్ళ డాక్టరు మొహం కడుక్కుని, కాస్త మెత్తబడి గదిలోంచి వచ్చాడు. “పోనీ ఇప్పుడైనా నిజం చెప్పండమ్మా. ఈ ఊరికి ఏ నెలలో రావాలి?”

“ఆగస్టు,” అంది యెలె, కళ్ళు ఆర్పకుండా. “ఎండకి భయపడి ఎవరూ రారు.”

ఆయన ఎంతో కృతజ్ఞతగా ఫోనులో రాసుకుని మెట్లు దిగిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు కింది జనంలో కలిసిపోయేదాకా ఆగి, యెలె లూకో చెయ్యి పట్టుకుంది.

“గురువారం వెళ్దాం. పట్టపగలే, పెద్దవీధి మీదుగానే. మోసేవాళ్ళు మోస్తారు, నువ్వు కుర్చీ ముట్టుకోకు. ఒక గొడుగు తెచ్చుకో, ఎర్రది. పైకెత్తి పట్టుకుని నా ముందు నడు. ఎవరన్నా గుంపులో చేరి వెంటొస్తే రానీ. ఏ నెల మంచిదని అడిగితే నోటికొచ్చింది చెప్పు. ఫిబ్రవరి మాట మాత్రం నోరు జారకురా నాయనా.”