గెంచో వేళ్ళు, రెండు అయస్కాంతాలు

మా ఆయన గెంచో ముప్ఫయ్యేళ్ళుగా విదిన్ పట్నం చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయిస్తున్నాడు. పెళ్ళికూతురి పేరు గుర్తుండదు గానీ, ఏ పాటకు ఎంతమంది చేతులు పట్టుకుని గుండ్రంగా హోరో నాట్యం ఆడారో మాత్రం చెబుతాడు. మా ఇంటికి రొట్టె పెట్టింది ఆ కుడిచేతి వేళ్ళే. ఇంటి పనుల్లో మాత్రం ఆయన తెలివి అంతంతమాత్రం. ఆ మాటంటే ఊరుకోడు.

నీళ్ళ మీటర్ తిరగకుండా దానికి బలమైన అయస్కాంతం అంటించడం మా అపార్ట్‌మెంట్‌లో అందరూ చేసే దొంగపనే. పైవాళ్ళ మీటర్ పూర్తిగా ఆగిపోయిందనీ, మాది ఒక అయస్కాంతం అంటించినా ఇంకా తిరుగుతోందనీ గెంచోకి ఉడుకుమోత్తనం. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది ఇంకొకటి కొనుక్కొచ్చి మీటర్‌కి రెండో పక్క అంటించాడు. రెండిటినీ ఒకదానికొకటి దగ్గరగా రానివ్వొద్దని అమ్మినవాడు చెప్పాడట. వినే చెవి ఉంటే కదా.

మీటర్ చూసే మనిషి గురువారం వస్తాడని మెట్ల దగ్గర కాగితం అంటించారు. బుధవారం మధ్యాహ్నమే కిందింట్లో అతని గొంతు వినిపించింది. గెంచో మీటర్ ఉన్న స్నానాల గదిలోకి పరుగెత్తి కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి పీకాడు. టప్పుమని చప్పుడు, ఆ వెనకే మూలుగు. వెళ్ళి చూస్తే, కుడిచేతి రెండు వేళ్ళు ఆ రెండిటి మధ్య నలుగుతున్నాయి. ఆయన లాగాడు, నేను లాగాను. గోళ్ళ పక్కనుంచి రక్తం వచ్చింది గానీ అవి ఊడలేదు.

తలుపు గంట మోగింది.

"తియ్యకే రాడ్కా. ఎవరూ లేరనుకుని పోతాడు," అన్నాడు పళ్ళబిగువున.

నేనూ ఆగాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. రెండోసారి మోగేసరికి ఆ వేళ్ళు వంకాయ రంగుకి తిరిగాయి. మూడోసారి మోగలేదు. అడుగులు పై అంతస్తు మెట్లెక్కుతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీదా, నా మీదా. వెళ్ళి తలుపు తీశాను.

"బాబూ, మేం నీళ్ళు దొంగిలించాం. తర్వాత రాసుకుందువుగాని, ముందు ఈయన చెయ్యి చూడు."

అతను మెట్లు దిగొచ్చి, లోపలికి ఒక్క చూపు చూసి, ఇనప సామాన్ల సంచీ గుమ్మం బయటే వదిలేశాడు.

"లాగకండి. పక్కకి జరపాలి. చెక్కది ఏదన్నా ఇవ్వమ్మా."

కూరలు తరిగే చెక్క ఇచ్చాను. దాని అంచు వేళ్ళ పక్కన దూర్చి, కింది అయస్కాంతాన్ని గట్టిగా అదిమి పట్టుకోమని నాకు చెప్పి, తన బరువంతా వేసి పైదాన్ని పక్కకి తోశాడు. గెంచో వేళ్ళు బయటపడ్డాయి. అతను ఊడిన దాన్ని పక్కగదిలో చెక్క బల్ల మీద పెట్టి వచ్చాడు.

గెంచో గోడకి జారగిలబడి వేళ్ళు వంచి చూసుకున్నాడు. ఒకటి వంగింది. రెండోది కదల్లేదు. ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం. చాలాసేపటికి వణుకుతూ అదీ వంగింది. నేను ఏడ్చేశాను.

అంతమాత్రాన అతను జరిమానా రాయడం మానలేదు. గెంచో చేతికి తువ్వాలు చుట్టి ఉంది, కలం పట్టుకోలేడు. దొంగతనం ఆయనది, సంతకం నాది. అంత సంతోషంగా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, మా పెళ్ళి కాగితం మీద కూడా.