మామకు రావలసిన కార్డు

కరోనా సద్దుమణిగాక ఊరు కోలుకోవాలంటే టూరిస్టులు రావాలని, రావాలంటే ఎవరో ఒకరు రమ్మనాలని, రమ్మనడానికి డబ్బు కావాలని ప్రభుత్వానికి తోచింది. ఆ డబ్బు పైనుంచి చేతులు మారుతూ మారుతూ, బోయిన్‌పల్లిలో రెండు గదులున్న మా ప్రకటనల కంపెనీ దాకా దిగింది. అందులో నేను మాటలు రాసేవాణ్ణి. అంటే, "రండి" అన్న ఒక్క ముక్కను ముప్పై రకాలుగా రాసి జీతం తీసుకునేవాణ్ణి.

మా మేనమామ అదే పని ముప్పై ఏళ్లుగా జీతం లేకుండా చేస్తున్నాడు. సికింద్రాబాద్ స్టేషన్ బయట గైడు. పొద్దున ఒక రైలు దిగి, సాయంత్రం ఇంకో రైలు ఎక్కాల్సినవాళ్లే ఆయన గిరాకీ. క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టేసి, ఖాళీ అయిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఊపుకుంటూ బయటికి వచ్చే మనిషిని చూడగానే పట్టేస్తాడు.

"సామాను లేనోనికి టైముంటది అల్లుడా. టైమున్నోనికి ఊరుంటది," అనేవాడు.

ముందు రైలెప్పుడో అడుగుతాడు. ఆ టైముకు సరిపడా ఊరు కోసిస్తాడు. రెండు గంటలుంటే గడియార స్తంభం, మోండా మార్కెట్, నాలుగుంటే ఇంకొంచెం. ముప్పై ఏళ్లలో ఒక్కరికీ రైలు తప్పించలేదు. ఏడో తరగతి తప్పిన మనిషికి అంతకంటే పెద్ద పట్టా అక్కర్లేదనుకునేవాడు.

లాక్‌డౌన్‌లో రైళ్లే ఆగిపోయాయి. మామ కొన్నాళ్లు మాస్కులమ్మాడు, కొన్నాళ్లు మార్కెట్లో నిమ్మకాయలమ్మాడు. రెండూ పులుపు మొహంతోనే. రైళ్లు మొదలయ్యాక మళ్లీ స్టేషన్‌కు పోతే జనం మారిపోయారు. మూతి కప్పుకున్న కొత్తమనిషి దగ్గరికొచ్చి ఊరు చూపిస్తానంటే రెండడుగులు వెనక్కేసి శానిటైజర్ తీస్తున్నారు.

"మెడల ఒక కార్డుండాలె అల్లుడా. ఫొటో, దాని మీద గవర్నమెంటు మొహర్ ముద్ర. కార్డుంటే కుక్క సుత మొరగదు. కార్డు లేకుంటే నా పని ఖతమే ఇగ," అన్నాడు. ఆయన నోట 'ఖతం' అన్న మాట చాలాసార్లు విన్నాను. ఎప్పుడూ సరదాగానే అనేవాడు. ఆ రోజు మాత్రం అనేసి, నేను నవ్వుతానేమోనని నా మొహం చూశాడు. నేను నవ్వాను. దేన్నైనా సరదాగా మార్చడమే నా ఉద్యోగం.

ఆ వారమే మా కంపెనీ నడిపే మేడమ్ మీటింగ్ పెట్టింది. "చార్మినార్, బిర్యానీ అన్నారంటే చంపేస్తాను. ఏదైనా కొత్తది చెప్పి చావండి," అంది. ఆమెది విజయవాడ. చావమన్నా మర్యాదగానే అంటుంది.

నేను మామ బతుకును అయిదు నిమిషాల్లో చెప్పాను, మామను మినహాయించి. రెండు రైళ్ల నడుమ మా ఊరు. స్టేషన్ ముందు బోర్డు. ఫోనుతో స్కాన్ చేస్తే దారీ కథా అదే చెప్తుంది. మేడమ్ కళ్లు వెలిగాయి.

"మరి ఈ కథలన్నీ ఎవరు చెప్తారయ్యా?"

"ఒక మనిషి తెలుసు మేడమ్."

"డబ్బులడుగుతాడా?"

"కార్డు అడుగుతాడు."

"కార్డుదేముంది, ఇద్దాంలే."

ఆ 'ఇద్దాంలే'ను మోసుకుని సీతాఫల్‌మండిలో మామ ఇంటికి వెళ్లాను. దారిలో అది 'ఇస్తున్నారు' అయింది. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి 'వచ్చేసింది' అయింది. మామ అప్పటికప్పుడు స్టూడియోకు పోయి ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు దిగొచ్చాడు. ఎనిమిదెందుకంటే, గవర్నమెంటు ఒకటి పోగొడ్తది, రెండోది పోగొడ్తది, లెక్కుండాలె అన్నాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో మా ఆఫీసువాళ్లందరినీ తిప్పాడు. ఆయన్ను అలా నేనెప్పుడూ చూడలేదు. గడియార స్తంభం కింద నిలబడి, "దీనికి నాలుగు మొహాలు. మీ రైలుకు ఏ టైము నచ్చుతదో ఆ మొహం జూస్కోండి," అన్నాడు. మోండా మార్కెట్లో మా మేడమ్‌ను కళ్లు మూసుకోమన్నాడు. "మల్లెపూల వాసనొచ్చేదాంక సీదా. చింతపండు వాసన రాంగనే కుడిచెయ్యి. ఎండుచాపలొస్తే దారి తప్పినట్టు, ఎనకకు రా బిడ్డా." ఆమె కళ్లు మూసుకునే మార్కెట్టంతా నడిచింది. చివర్లో చప్పట్లు కొట్టింది.

మేం ఫోన్లలో అంతా రికార్డు చేస్తున్నామని ఆయనకు తెలుసు. తెలిసే సలహాలిచ్చాడు. "ఇక్కడ జెర ఆగాలె. జనం నవ్వెతందుకు జాగ ఇడువాలె," అని.

విడిచాం. రేడియో గొంతున్న ఒకాయన ఏసీ గదిలో కూర్చుని మామ కథలన్నీ చదివాడు. 'గిట్ల'లు తీసేశాం, 'బిడ్డా' తీసేశాం, నవ్వే జాగా మాత్రం ఉంచాం. ఈ విషయమంతా మా సంస్థ సొంత పరిశోధన అని ఒక కాగితం నా ముందు పెట్టారు. సంతకం చేశాను. పరిశోధన సొంతమో కాదో గానీ మామ సొంతమే కదా.

చివరి నిమిషంలో పర్యాటక శాఖ నుంచి వచ్చిన ఆఫీసరు, మంచి మనిషే, బోర్డు కింద ఒక జాగ్రత్త వాక్యం కావాలన్నారు. "గుర్తింపు కార్డు లేని గైడ్లను సంప్రదించవద్దు, అని పెడితే సరిపోతుందేమోనండీ," అన్నారు.

"ఆ వాక్యంలో దమ్ము లేదు సార్," అన్నాను. టీ చల్లారేలోపు రాసిచ్చాను: 'కార్డు లేని గైడ్లను నమ్మి మోసపోకండి.'

అప్పుడు మామ గుర్తుకు రాలేదా అని ఎవరైనా అడగొచ్చు. వచ్చాడు. కార్డు వస్తుంది కదా అనుకున్నాను. బయటికొచ్చి మేడమ్‌ను అడిగాను.

"కార్డులు మనమెలా ఇస్తాం నాన్నా? అది శాఖ పని. డిగ్రీ కావాలంట, పరీక్షంట. మీవాడేం చదివాడు?"

మా మామ ఏం చదివాడో చెప్పలేదు. మామకు కూడా ఏం చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉంది మామా" అన్నాను. ఇంగ్లీషులో అబద్ధమాడితే నోరు నొప్పెట్టదు.

బోర్డు పెట్టిన మూడో రోజు ఫొటోలు తీసుకోవడానికి నేనూ మేడమూ ఆఫీసరూ స్టేషన్‌కు వెళ్లాం. సరిగ్గా అప్పుడే మామ ఒక జంటను వెంటబెట్టుకుని బయటికొచ్చాడు. రాజమండ్రి వైపువాళ్లలా ఉన్నారు. ఖాళీ చేతులు ఊపుకుంటున్నారు. చాలా రోజులకు గిరాకీ దొరికిన సంతోషం మామ నడకలోనే తెలుస్తోంది. నన్ను చూసి ఆ సంతోషం రెట్టింపయింది. చెయ్యెత్తి, వాళ్లను నా వైపే తీసుకురాబోయాడు.

మధ్యలో బోర్డుంది.

"ఏవండీ, ఇలా చూడండి ఏం రాశారో," అని భార్య ఆగింది. నా వాక్యాన్ని బయటికే చదివింది. ఒక్క అక్షరం తడబడలేదు. నా రాతలో ఆ గుణముంది, ఎవరు చదివినా గట్టిగా వినిపిస్తుంది.

"మీకు కార్డుందా అండీ?" అన్నాడు భర్త.

"వస్తున్నది సార్. ఫొటోలు సుత రెడీ ఉన్నయ్," అని మామ జేబులోంచి ఎనిమిదీ తీసి చూపించాడు. ఒకే మొహం ఎనిమిదిసార్లు చూసేసరికి వాళ్ల అనుమానం బలపడింది.

అక్కడే ఉన్న కానిస్టేబుల్ వచ్చాడు. "ఏందీ లొల్లి? ఏం పెద్దమనిషీ, ఇంతపెద్ద బోర్డు పెట్టినా కనవడ్తలేదా?"

మామ నా వైపు చూశాడు. బతిమాలినట్టు కాదు. అల్లుడున్నాడు కదా, చెప్తాడు అన్నట్టు. ఆ చూపును ఆఫీసరు కూడా గమనించారు.

"ఈయన మీకు తెలుసా?" అని నన్నడిగారు.

చెప్పాల్సింది చిన్న మాటే. మా అమ్మ తమ్ముడు సార్. ఆ మాట చెప్తే, ఆ కథలెవరివన్న ప్రశ్న వస్తుంది. సంతకం నాది. మేడమ్ ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుంది.

"తెలియదు సార్," అన్నాను.

మామ నవ్వాడు. "సార్‌కెట్ల తెలుస్తది సార్? వచ్చేటోళ్ల, పోయేటోళ్ల మొహాలు జూసుడు నాకే అలవాటు," అన్నాడు.

"మొహాలు జూసుడు బంజెయ్. ఇంకోసారి ఇక్కడ కనవడకు. ఒక ఫొటో ఇచ్చిపో," అన్నాడు కానిస్టేబుల్. ఇలాంటివాళ్ల ఫొటోలు దగ్గర పెట్టుకుంటారట. మొత్తానికి మామ ఫొటో ప్రభుత్వం తీసుకుంది.

రాజమండ్రి జంట బోర్డును స్కాన్ చేసి, ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకుని గడియార స్తంభం వైపు వెళ్లిపోయారు. ఆఫీసరు నా వాక్యం బాగా పనిచేస్తోందన్నారు. థాంక్స్ చెప్పాను.

తర్వాతి ఆదివారం మామ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. రాడేమో అనుకున్నాను. రాకపోతే నాకు తేలికయ్యేది, వచ్చాడు.

"స్టేషన్‌కు పోతలేవంట, నిజమేనా తమ్మీ? మళ్ల నిమ్మకాయలు షురూ జేసినవంట?" అని అమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"గిరాకీ లేదక్కా."

"గవర్నమెంటు గంత ఖర్సు వెట్టి బోర్డులు పెట్టిచ్చె. వీడే రాసిండు గద? జనం రావాలె గదరా?"

నేను కంచంలో అన్నం కలుపుతున్నాను.

"వస్తరక్కా. జెర టైం పడ్తది," అన్నాడు మామ. "వీడు మంచిగనే రాసిండు." తర్వాత, ఏ విశేషమూ లేనట్టు నా వైపు చెయ్యి చాపి, "ఆ పచ్చిపులుసు ఇటియ్యి," అన్నాడు. అల్లుడా అనలేదు.

అమ్మకు ఆ తేడా వినపడలేదు. నేను గిన్నె అందించాను.